మోచేయి విరిగిన పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ: కట్టు ఉన్నప్పటి నుంచి మళ్లీ ఆటల్లోకి దిగేదాకా

ఎముక అతుక్కుందన్నారు, కట్టు విప్పేశారు. కానీ పాప చేయి పూర్తిగా చాచడం లేదు, వంచబోతే ఏడుస్తోంది. ఇప్పుడేం చేయాలని చాలామంది అమ్మానాన్నలు అడుగుతుంటారు. రోజువారీ పనులనే వ్యాయామంగా మార్చి చేతిని మళ్లీ వాడుకలోకి తేవడమే ఆక్యుపేషనల్ థెరపీ. కట్టు విప్పాక చేయాల్సినవి, అంతకుముందే మొదలుపెట్టాల్సినవి, అసలు చేయకూడనివి వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. ఆ మోచేతిని పెద్దవాళ్లు వంచకూడదు, పిల్లలే వంచుకోవాలి. కింద రాసినవన్నీ వాళ్లు తమంతట తాము వంచుకునేలా చేసే మార్గాలే.

## 1. డాక్టరును అడిగి రాసుకోవాల్సినవి

మోచేతి దగ్గర విరగడమంటే అందరికీ ఒకే చోట విరగడం కాదు. పిల్లల్లో ఎక్కువగా విరిగేది మోచేతికి కాస్త పైన, దండచేతి ఎముక చివరన. దీన్ని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారు. చాచిన చేతి మీద పడినప్పుడు జరుగుతుంది, 5 నుంచి 7 ఏళ్ల వయసు వాళ్లలో మరీ ఎక్కువ. ఎముక పక్కకు జరగకపోతే కట్టు సరిపోతుంది. జరిగితే మత్తిచ్చి సరిచేసి, సన్నని పిన్నులు వేస్తారు. రెండిట్లోనూ 3, 4 వారాలు కట్టు ఉండడం మామూలు.

మోచేతి బయటి వైపు విరిగేది లేటరల్ కాండైల్ ఫ్రాక్చర్. ఇది అతుక్కోవడానికి ఇంకాస్త సమయం పట్టొచ్చు, ఒక్కోసారి అతుక్కోకుండా మొండికేస్తుంది కూడా. కాబట్టి పక్కింటి పిల్లాడికి మూడు వారాలకే విప్పారని మీ పాప కట్టు గురించి కంగారుపడకండి.

డాక్టరు దగ్గర ఇవి అడగండి:

- ఏ ఎముక, ఎక్కడ విరిగింది? పిన్నులు వేశారా? ఎప్పుడు తీస్తారు?
- నరాలకు ఏమైనా దెబ్బ తగిలిందా?
- కట్టు విప్పాక ఏ కదలికలు వెంటనే చేయొచ్చు, ఏవి ఆగాలి?
- బరువు మోయడం, ఆ చేతి మీద ఆనడం ఎప్పటి నుంచి?
- తర్వాతి ఎక్స్‌రే ఎప్పుడు?

థెరపిస్టు దగ్గరకు వెళ్తే ఈ కాగితం చేతిలో ఉండాలి. అది లేకుండా మొదలుపెట్టే వ్యాయామం గుడ్డిగా చేసేదే.

## 2. కట్టు ఉన్న వారాల్లోనే మొదలుపెట్టాల్సినవి

కట్టు ఉన్నన్నాళ్లూ చేయి కదపకూడదని అనుకుంటారు. కదపకూడనిది కట్టులో ఉన్న భాగం మాత్రమే. వేళ్లు, భుజం ఊరికే ఉంటే అవి కూడా బిగుసుకుపోతాయి.

మొదటి రెండు మూడు రోజులు చేతిని గుండె కంటే ఎత్తులో, దిండ్ల మీద పెట్టండి. వాపు తగ్గడానికి ఇంతకంటే మంచి మందు లేదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పిడికిలి బిగించి విప్పమనండి. స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) విప్పొచ్చని డాక్టరు చెప్పాక భుజాన్ని నెమ్మదిగా పైకి, పక్కకు కదిలించాలి.

పిల్లలతో వేళ్లు కదిలించడానికి 'రాయి, కాగితం, కత్తెర' ఆటకు మించింది లేదు. ఇది ఆటే కాదు, నరాల పరీక్ష కూడా. పిడికిలి బిగిస్తే ఒక నరం, వేళ్లు వెనక్కి చాస్తే మరో నరం, కత్తెరలా వేళ్లు విడదీస్తే ఇంకో నరం పనిచేస్తున్నట్టు. చివర్లో బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రటి సున్నా చుట్టమనండి. ఆ సున్నా గుండ్రంగా రాకుండా వేళ్లు చదునుగా అతుక్కుంటే డాక్టరుకు చెప్పాలి. సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్లలో ఎక్కువగా దెబ్బతినేది ఆ సున్నా చుట్టించే నరమే. చాలావరకు కొన్ని నెలల్లో దానంతట అదే కోలుకుంటుంది, అయినా మొదటి రోజు నుంచే రాసిపెట్టి ఉండాలి.

బట్టలు వేసేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, మంచి చేయి తర్వాత. విప్పేటప్పుడు మంచి చేయి ముందు. చేతులు వదులుగా, ముందువైపు తెరుచుకునే చొక్కాలు ఎంచుకోండి. రాసే చేతికే దెబ్బ తగిలితే రెండో చేత్తో రాయమని ఒత్తిడి చేయనక్కర్లేదు, ఈ కొద్ది వారాలు నోటితో చెప్పించుకుంటే చాలు.

దురద పెడుతోందని కట్టులోకి స్కేలు, పెన్ను దూర్చనివ్వకండి. లోపల చర్మం గీసుకుపోతే బయటికి కనిపించదు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన లక్షణాలు:

- మందు ఇచ్చినా నొప్పి తగ్గకపోగా పెరుగుతుండడం
- పిల్ల ఊరుకోకుండా అస్థిరంగా, కలవరంగా ఉండడం
- వేళ్లు చాస్తే విపరీతమైన నొప్పి
- వేళ్లు తెల్లగా, నీలంగా మారడం, చల్లబడడం, తిమ్మిరెక్కడం

ఇవి చేతి కండరాలకు రక్తం అందడం లేదనడానికి గుర్తులు కావొచ్చు. ఆ రాత్రికి చూద్దామని ఆగకూడదు.

## 3. కట్టు విప్పే రోజు

పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. కట్టు కోసే మెషిన్ పెద్దగా శబ్దం చేస్తుంది, దాని బ్లేడు గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ అదురుతుంది. విప్పాక చేయి సన్నగా, పొట్టు రాలుతూ, కొన్నిసార్లు వెంట్రుకలు పెరిగి కనిపిస్తుంది. చూసి మీరే అయ్యో అంటే పాప టెన్షన్ రెట్టింపవుతుంది.

పొట్టును గోకకండి, రుద్దకండి. గోరువెచ్చని నీళ్లలో కడిగి, మెత్తగా ఒత్తి తుడిచి, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. పిన్నులు తీసిన చోట రంధ్రాలు మూసుకునేదాకా చేతిని నీళ్లలో ముంచకూడదు. అక్కడ ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

ఆ రోజు చేయి ఎంత వంగుతుందో పరీక్షించే పని పెట్టుకోవద్దు. చాలామంది పిల్లలు మొదటి రెండు మూడు రోజులు కట్టు ఉన్నట్టే చేతిని పొట్టకు అదుముకుని తిరుగుతారు. అది సహజం.

## 4. కొలత పెట్టుకోండి, కానీ వారానికోసారే

థెరపిస్టులు కోణాన్ని గోనియోమీటరుతో కొలుస్తారు. ఇంట్లో ఫోన్ ఫొటో చాలు.

1. పిల్లను పక్కకు తిప్పి నిలబెట్టండి. చేయి పూర్తిగా కనిపించాలి.
2. అరచేయి పైకి పెట్టి, రెండు చేతులూ చాచగలిగినంత చాచమనండి. ఫొటో తీయండి.
3. వేళ్లతో అదే వైపు భుజాన్ని తాకమనండి. తాకలేకపోతే వేళ్లకూ భుజానికీ మధ్య దూరం కనిపించేలా ఇంకో ఫొటో.
4. మోచేతులు నడుముకు ఆనించి, 90 డిగ్రీలు వంచి, అరచేతులు పైకీ కిందికీ తిప్పమనండి.
5. ప్రతివారం అదే చోట, అదే దూరం నుంచి తీయండి.

పోల్చాల్సింది పక్క పిల్లలతో కాదు, తన రెండో చేత్తో. కొందరు పిల్లల చేయి సహజంగానే నిటారు దాటి కొద్దిగా వెనక్కి వంగుతుంది. వాళ్లకు పూర్తిగా నిటారుగా, అంటే సున్నా డిగ్రీలకు వచ్చినా ఇంకా కొంచెం మిగిలే ఉన్నట్టు.

రోజూ కొలిచే ఇళ్లలో పిల్లలు చేయి దాచేసుకోవడం చూస్తుంటాను. మార్పు వారాల లెక్కలో వస్తుంది. చిక్కులేమీ లేని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్లలో రెండో చేత్తో పోలిస్తే కదలిక గాయమైన ఆరో వారానికి సుమారు 70 శాతం, ఆరు నెలలకు 90 శాతం పైన, ఏడాదికి దాదాపు పూర్తిగా తిరిగొస్తుందని పరిశోధనల్లో తేలింది. పెద్ద పిల్లలకు, కట్టు ఎక్కువ వారాలు ఉన్నవాళ్లకు, సర్జరీ అయినవాళ్లకు ఇంకాస్త నెమ్మది.

## 5. మొదటి రెండు వారాలు: రోజుకు మూడు నాలుగు సార్లు, కాసేపే

స్లింగ్ ఇక అలవాటు కాకూడదు. జనం ఎక్కువున్న చోట ఎవరూ తగలకుండా కొన్ని రోజులు వాడొచ్చు, ఇంట్లో తీసేయండి.

ఒక్కో విడత 5 నుంచి 10 నిమిషాలు చాలు. వరస ఇది:

వెచ్చదనం. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన తువ్వాలు మోచేతి చుట్టూ కాసేపు. ముందు మీ చర్మం మీద వేడి చూసుకోండి. స్పర్శ తెలియని చోటు ఉంటే వెచ్చదనమూ వద్దు, ఐసూ వద్దు. పిన్నుల రంధ్రాలు మూసుకున్నాక స్నానం తొట్టి ఉంటే ఇంకా మంచిది. నీళ్లలో చేయి తేలిగ్గా కదులుతుంది, పిల్లలు నొప్పి సంగతి మరిచిపోతారు.

వంచడం. పడుకోబెట్టి, చేతిని నిటారుగా పైకప్పు వైపు లేపమనండి. మంచి చేయి దండచేతిని పట్టుకుని ఆధారమిస్తుంది. ఇప్పుడు అరచేతిని నెమ్మదిగా నుదుటి వైపు దించాలి. ముంజేతి బరువే మోచేతిని వంచుతుంది, ఎవరూ నొక్కనక్కర్లేదు.

చాచడం. బల్ల ముందు కూర్చోబెట్టి, చేయి కింద చిన్న గుడ్డ వేసి, బల్ల మీద బొమ్మకారును ముందుకు తోయమనండి. వీపు కుర్చీకి ఆని ఉండాలి. లేకపోతే మోచేతికి బదులు నడుము వంగుతుంది.

తిప్పడం. మోచేయి నడుముకు ఆనించి, చేతిలో పెన్సిల్ నిలువుగా పట్టుకుని అటూ ఇటూ వాల్చాలి. అరచేతిలో చిన్న బొమ్మ పెట్టి "పడకుండా పట్టుకో, ఇప్పుడు కింద పడెయ్" అన్నా అదే కదలిక.

ఒక్కోటి 8 నుంచి 10 సార్లు. చివర కొసన రెండు మూడు క్షణాలు ఆగాలి. వాపుగా అనిపిస్తే తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు ప్యాక్ 10 నిమిషాలలోపు.

నొప్పి ఎంతవరకు పర్వాలేదు? లాగినట్టు అనిపించి, విడత అయ్యాక అరగంటలోపు తగ్గిపోతే సరే. రాత్రంతా నొప్పి ఉన్నా, మర్నాడు పొద్దున వాపు పెరిగినా, నిన్న చేసినంత ఇవాళ చేయలేకపోయినా ఎక్కువ చేసినట్టు. సగానికి తగ్గించండి.

## 6. రోజువారీ పనులనే వ్యాయామంగా మార్చడం

ఆక్యుపేషనల్ థెరపీలో అసలు పని ఇదే. లెక్కపెట్టి చేసే వ్యాయామాలకంటే రోజంతా చేతిని వాడుకోవడమే ఎక్కువ మేలు చేస్తుంది. చిక్కుల్లేని సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అయిన పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఫిజియోథెరపీ ఇచ్చి చూసిన ఒక ట్రయల్ 2014లో వచ్చింది. చేతి వాడకంలో థెరపీ వల్ల అదనపు లాభం కనిపించలేదు. నేను దీన్ని థెరపీ వద్దని అర్థం చేసుకోను. చాలామంది పిల్లలకు ఆడుకునే వీలు, భయపెట్టని ఇల్లు, ఏ పని ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన పెద్దవాళ్లు ఉంటే సరిపోతుందని అర్థం చేసుకుంటాను. నరం దెబ్బ, మొండి బిగుతు, కదలడానికి విపరీతమైన భయం ఉన్నవాళ్లకు మాత్రం థెరపిస్టు తప్పనిసరి.

రోజువారీ పనులు చాలావరకు 30 నుంచి 130 డిగ్రీల వంపులో జరిగిపోతాయి. అందుకే పనులను తక్కువ వంపు నుంచి ఎక్కువ వంపుకు పేర్చండి.

మొదట, పెద్దగా వంచక్కర్లేనివి: బొమ్మలకు రంగులు, పూసలు గుచ్చడం, మెత్తని ప్లేడో పిసకడం, పుస్తకం పేజీలు తిప్పడం, టేబుల్ తుడవడం, సబ్బు నీళ్లలో ప్లాస్టిక్ గిన్నెలు కడగడం.

తర్వాత, సగం పైన వంచాల్సినవి: చొక్కా గుండీలు, ముఖం కడుక్కోవడం, చెంచాతో తినడం, సబ్బు బుడగలు ఊదే పుల్ల నోటి దాకా తేవడం.

చివరికి, బాగా వంచాల్సినవి: పళ్లు తోముకోవడం, జుట్టు దువ్వుకోవడం, మెడ వెనక కాలర్ సర్దుకోవడం, చెవి దగ్గర బొమ్మ ఫోన్ పెట్టుకుని మాట్లాడడం.

చాచడానికి: గోడకు కాగితం అంటించి ఎత్తుగా బొమ్మ వేయించండి. స్టిక్కర్లు రోజుకో అంగుళం పైన అంటించమనండి. తేలికైన బంతిని నేల మీద దొర్లించడం, బెలూన్ కొట్టడం కూడా బాగుంటాయి.

పనిని మీరు చేసిపెట్టకండి, కాస్త సులువు చేయండి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. నోటికి అందకపోతే పొడుగు పిడి చెంచా కొన్ని రోజులు ఇవ్వొచ్చు. అందడం మొదలవగానే దాన్ని తీసేయండి, లేకపోతే పొడుగు పిడికే అలవాటుపడి మోచేయి వంచడం మానేస్తారు.

పొద్దున బడికి టైమవుతుంటే గుండీలు మీరే పెట్టేస్తారు, అందరూ అంతే. సాయంత్రం బట్టలు మార్చుకునేటప్పుడైనా వాళ్లనే పెట్టుకోనివ్వండి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

చేయి పట్టుకుని బలంగా చాచడం. అన్నిటికంటే ప్రమాదమైనది. నొప్పికి కండరాలు ఇంకా బిగుసుకుంటాయి, వాపు పెరుగుతుంది, కీలు చుట్టూ మెత్తని కండలో ఎముక పెరిగే అవకాశం కూడా ఉంది. అది వస్తే కదలిక మరింత పోతుంది. థెరపిస్టైనా ఏడుస్తున్న పిల్ల మోచేతిని బలవంతంగా వంచుతుంటే ఆపమని అడిగే హక్కు మీకుంది.

గట్టిగా మర్దన చేయడం. నూనె రాసి మోచేతి కీలును పిసికినా అదే నష్టం. చర్మానికి మాయిశ్చరైజర్ రాయడం వేరు, కీలును నలపడం వేరు.

బిందె, బకెట్, సంచి పట్టించి నిలబెట్టడం. బరువు వేలాడితే చేయి సాగుతుందని చాలామంది నమ్మకం. ఎముక ఇంకా గట్టిపడుతున్న వారాల్లో ఇది వద్దు.

మోచేయి బదులు వేరేది కదలడం. పిల్లలు మహా తెలివైనవాళ్లు. భుజం పైకి లేపుతారు, నడుము వంచుతారు, చెంచా నోటికి రాకపోతే నోరే చెంచా దగ్గరకు తీసుకెళ్తారు. తిట్టకుండా పని చోటు మార్చండి. గిన్నెను కాస్త ఎత్తులో పెడితే తల వంచే అవసరం ఉండదు. దండచేతికీ ఒంటికీ మధ్య చిన్న రుమాలు పెట్టి పడకూడదని పందెం కాస్తే భుజం నిలకడగా ఉంటుంది.

"చేయి చాచు, చాచు" అని రోజంతా అనడం. వారంలో ఆ మాట వినపడకుండా పోతుంది. "ఆ పుస్తకం అందుకో" అనండి చాలు.

లంచంగా ఫోన్ ఇవ్వడం. రెండు చేతులూ ముడుచుకుని గంట కూర్చుంటారు. ఫోన్ ఇవ్వాల్సొస్తే దూరంగా స్టాండ్‌లో పెట్టి, దెబ్బ తగిలిన చేత్తోనే తాకేలా చేయండి.

## 8. బలం, బరువు, ఆటలు

కదలిక చాలావరకు తిరిగొచ్చి, ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్న తర్వాతే బలం పని. మొదట పట్టు: మెత్తని బంతి నొక్కడం, బట్టలకు పెట్టే క్లిప్పులు తీసి పెట్టడం, స్పాంజి పిండడం. తర్వాత తేలికపాటి వస్తువులు ఎత్తడం. ఆ తర్వాత చేతి మీద ఆనడం, అదీ గోడకు ఆని తోయడంతో మొదలుపెట్టి, బల్ల మీదికి, చివరికి నేల మీద పాకడం దాకా.

ఊచలు పట్టుకుని వేలాడడం, ట్రాంపొలిన్, స్కేటింగ్, ఒకరి మీద ఒకరు పడే ఆటలు అన్నిటికంటే ఆఖరున. చాలామంది డాక్టర్లు కట్టు విప్పాక కొన్ని వారాలు వీటిని ఆపమంటారు. మీ పిల్లకు ఎన్ని వారాలో ఎక్స్‌రే చూసినవాళ్లే చెప్పాలి. నొప్పి లేదు కదా అని ముందే వదిలితే అదే చోట మళ్లీ విరగొచ్చు.

ఆటలకు పంపేముందు చూసుకోండి:

- మోచేతి మీద నొక్కితే నొప్పి లేదు
- కదలిక రెండో చేతికి దగ్గరగా వచ్చింది
- గోడను రెండు చేతులతో సమానంగా తోయగలుగుతోంది
- భయపడకుండా ఆ చేతిని ముందుకు చాస్తోంది
- డాక్టరు ఒప్పుకున్నారు

నాలుగో దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎముక అతికినా భయం అతకని పిల్లలు ఉంటారు. పడిన చోటుకే మొదటి రోజు తీసుకెళ్లకుండా, మెత్తని పరుపు మీద దొర్లే ఆటలతో మొదలుపెట్టండి.

## 9. బడిలో

క్లాసు టీచరుకు మూడు విషయాలు చెప్పండి. బ్యాగు ఆ భుజానికి వేయకూడదు, పుస్తకాలు కొన్ని బడిలోనే ఉంచుకునే వీలివ్వాలి. రాయడానికి ఎక్కువ సమయం కావాలి. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టకుండా స్కోరు రాయడమో, అంపైరింగో ఇవ్వాలి. బెంచీ చివర, ఆ చేయి ఖాళీ వైపు ఉండేలా కూర్చోబెడితే తోపులాటలో దెబ్బ తగలదు.

## 10. మళ్లీ ఎప్పుడు చూపించాలి

ఈ కింది వాటిలో ఏదున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి:

- రెండు మూడు వారాల ఫొటోల్లో ఏ మార్పూ లేకపోవడం, లేదా ఉన్న కదలిక తగ్గడం
- ఒక దగ్గరకు వచ్చేసరికి గోడకు తగిలినట్టు ఠక్కున ఆగిపోవడం
- వేళ్లలో తిమ్మిరి, చిటికెన వేలు చచ్చుబడినట్టుండడం, పట్టు సడలడం
- చేయి చాచినప్పుడు మోచేతి దగ్గర కోణం రెండో చేతికంటే లోపలికో బయటికో వంకరగా కనిపించడం
- మళ్లీ పడడం, కొత్తగా వాపు

వంకర విషయంలో ఒక మాట. అది ఎముక అతుక్కున్న తీరు వల్ల వచ్చేది, వ్యాయామంతో పోదు, వ్యాయామం తక్కువైనందుకూ రాదు. ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. కదలిక నెలలు గడిచినా రాకపోతే కొద్దికొద్దిగా బిగించే స్ప్లింట్లు (చేతికి తొడిగే ఆధారపు కట్లు) ఉంటాయి. వాటిని థెరపిస్టు కొలతలు తీసి అమర్చాలి, రోజుకు ఎన్ని గంటలు పెట్టాలో, చర్మం ఎర్రబడితే ఎప్పుడు తీయాలో రాయించుకుని ఇంటికి వెళ్లండి.